మేడ మీద డి విటమిన్

చర్మ డాక్టరు గది బయట బెంచీ మీద అక్కాచెల్లెళ్లు. పెద్దామె వీపు ఆనించకుండా కూర్చుంది.

“లోపల డాక్టరమ్మ అడిగితే ‘ఏమోనండీ’ అన్నావు. ఇప్పుడు నాకు చెప్పు. రోజూ ఎక్కడ కూర్చుంటున్నావు?”

“మేడ మీద.”

“ఎండలోనా?”

“పొద్దున పూట మేడ మీద ఎండ కాక వెన్నెల ఉంటుందటే?”

“వెటకారం తర్వాత. నీ జబ్బుకి ఎండ పడదు, పొక్కులు రేగుతాయి అని పోయినసారి నా ముందే చెప్పిందిగా ఆవిడ!”

“చెప్పింది. ఒంట్లో డి విటమిన్ అడుగంటిందని కూడా చెప్పింది. మీ బావకి ఈ రెండో ముక్కే వినపడింది.”

“దానికి వారానికో మాత్ర రాసిచ్చిందిగా?”

“అంత ఎండ ఊరికే కాస్తుంటే మాత్రెందుకన్నారు. ఎండలో కూర్చుంటే చాలని ఫోన్లో ఏదో వీడియోలో ఎవరో చెప్పాడట.”

“ఆ చెప్పినాయనకి ఒంటినిండా పొక్కులున్నాయా?”

“లేవు. గడ్డం ఉంది.”

“బావకి లాండ్రీ ఉంటే మాత్రం, పెళ్లాన్ని కూడా తీసుకెళ్లి ఆరేయడమేనా?”

“క్లిప్పులు పెట్టలేదు. అదే పదివేలు.”

“నవ్వకక్కా. మానిన చోట మళ్లీ కొత్తవి లేచాయి. స్టెరాయిడ్ పెంచాల్సొస్తుందంటోంది. ఆ మందుకి ఎముకలు గుల్లబారతాయనే కదా ఈ డి విటమిన్ గోలంతా మొదలైంది!”

“ఏం చెయ్యనే. కాపలా కాయాల్సిన నా ఒళ్లే నా చర్మాన్ని తింటోందట. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?”

“ఒంటి సంగతి సరే, నోటికేమైంది? కొత్త పొక్కు లేచినప్పుడే బావకి చెప్పొచ్చుగా?”

“చెబుదామనే అనుకున్నా.”

“మరి?”

“మర్నాడు మబ్బు పట్టింది.”

“అయితే?”

“ఆ రోజు మేడెక్కలేదు.”

“తర్వాత?”

“మబ్బు విడిపోయింది.”

“అక్కా!”

“అరవకే. లోపల పేషెంట్లున్నారు.”

“నువ్వెవరు, చుట్టపుచూపుగా వచ్చావా? అసలు నిన్ను షాపు కౌంటర్లోంచి లేపేసింది ఎండ పడదనేగా?”

“అలాగే అన్నారు.”

“ఆ కౌంటరుండేది ట్యూబులైటు కింద!”

“ట్యూబులైటు ఎండ కూడా ఎండేనేమో.”

“నిజం చెప్పు.”

“నా చేతులు చూసి ఒకావిడ దుప్పట్లు వెనక్కి పట్టుకుపోయింది. అంతే.”

“ఇది అంటుకునే జబ్బు కాదని బావ చెప్పలేదా ఆవిడకి?”

“చెప్పారు, గట్టిగానే చెప్పారు. నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి.”

“భలే ధైర్యం! ఇటివ్వు ఫోను.”

“ఎందుకే?”

“బావకి నేనే చెప్తా. ఎండలో కూర్చోబెట్టొద్దు, బుద్ధిగా మాత్ర వేయించు అని.”

“వద్దే.”

“ఎందుకొద్దు? ఇవి ఇలాగే పెరిగితే ఆస్పత్రిలో చేర్చాల్సొస్తుందంది. విన్నావా, ఆవిడ చెప్పింది?”

“విన్నాను.”

“విని?”

“పోనీ, ఇవాళ చెప్పకు. రేపు చెప్పు.”

“రేపటిదాకా ఎందుకు? రేపు పొద్దున మళ్లీ ఎక్కుతావా మేడ?”

“నేనొక్కదాన్నే కాదే. ఆయన కూడా కూర్చుంటారు. నా పక్కనే. చెయ్యి పట్టుకుని.”

“ఓహో! సరసమా? అయితే ఆ చెయ్యేదో గదిలో కూర్చుని పట్టుకోమను. ఫ్యానేసుకుని, హాయిగా నీడలో...”

“నీడలో పట్టుకోరే. ఎండలో అయితేనే క్రిములు చచ్చిపోతాయని ఆయన నమ్మకం.”