మోతీలాల్ బోరు

అధ్యక్షత వహిస్తున్న మా భూగర్భ జలశాఖ డిప్యూటీ డైరెక్టర్ గారికి, వేదిక మీది పెద్దలకు, సారపాక నుంచి, జూలూరుపాడు నుంచి పనులు మానుకుని వచ్చిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న పుష్పలత గారికి, ఈ రోజు రిటైరవుతున్న ఆమె భర్త జోయెల్ గారికి, ఆయన కింద పనిచేసిన మోతీలాల్ నమస్కారాలు.

ఇప్పటిదాకా మాట్లాడినోళ్లంతా జోయెల్ గారిని పొగిడారు. నాకు మాత్రం ఆయనంటే అసూయ. నిజమే చెబుతున్నా, ఇన్నేళ్లూ పక్క కుర్చీలో కూర్చుని కుళ్లుకున్న మనిషిని. (నవ్వులు)

మా పని చిన్నదే. నేలలో ఒకే వరుసలో నాలుగు ఇనుప రాడ్లు దిగ్గొట్టి, చివరి రెండింటి నుంచి కరెంటు పంపి, లోపలి రెండింటి దగ్గర కొలుస్తాం. గట్టి రాయి కరెంటును సరిగ్గా పోనివ్వదు. రాతిలో పగులుండి, పగులులో నీళ్లుంటే పోనిస్తుంది. మేమందరం ఒక వరుస కొలిచి, బోరు ఇక్కడ వేయండని పాయింటు పెట్టి, భోజనానికి లేచేవాళ్లం. ఈ మహానుభావుడు మాత్రం అదే చోటు చుట్టూ గడియారం ముల్లులాగా ఆ వరుసను తిప్పి తిప్పి మళ్లీ కొలిచేవాడు. అన్నం చల్లారుతోంది సార్ అంటే, "పగులు ఎటుపోతుందో తెల్వకుండ బోరేస్తే ఎండాకాలం తిట్లు తినాలె మోతీలాల్" అనేవాడు. ఆ మాట కాదనలేకపోయినందుకే నాకింకా మంట.

మన అడవి గూడేల్లో పాయింటు పెట్టినోడి పేరే బోరుకు పెడతరు. ఎటుపోయినా జోయెల్ బోరే, నా పేరున ఒక్కటి లేదు. 2004లో దుమ్ముగూడెం అవతల ఒక గూడెంలో పాయింటు పెట్టింది నేను. బోరు బండి వచ్చిన రోజు నేను ఖమ్మంలో మీటింగులో ఇరుక్కుంటే ఈయన పోయి నిలబడ్డడు, నీళ్లు ఎగజిమ్మినయ్, ఇంకేముంది, అదీ జోయెల్ బోరే అయింది! నాది కాదు, మోతీలాల్‌ది అని చెప్పిండట. వాళ్లు అది ఆయన మంచితనం అనుకుని ఇంకో దండ వేసిండ్రు. (నవ్వులు) పుష్పలత గారూ, మీరూ నవ్వుతున్నరా?

అందుకే అందరి ముందు అడుగుతున్నా. ఆ గూడెం పెద్ద పగిడయ్య ఇక్కడే ఉన్నడు. పగిడయ్య తాతా, లేచి చెప్పరాదు, ఆ బోరు ఎవరిది?

(పగిడయ్య లేచి: "నీదే సారూ.")

విన్నారా! (చప్పట్లు) ఇన్నాళ్లు ఒప్పుకోనోడివి, ఇయ్యాల ఎట్ల ఒప్పుకున్నవ్ తాతా?

("మొన్న ఎండింది సారూ. జోయెల్ సారుదైతే ఎండదు గద. గందుకే నీదేనని తెలిసింది. ఆడోళ్లు మళ్ల వాగుకు పోతున్నరు.")

(పెద్దగా నవ్వులు)

మీరు నవ్వండి, నాకు రావట్లేదు. పేరు కోసం ఇన్నేళ్లు ఏడ్చిన. వచ్చింది, ఇట్ల వచ్చింది. తాతా, రేపు పొద్దున్నే వస్తున్న. అన్ని దిక్కులకూ కొలిచినంకనే పాయింటు పెడత.

జోయెల్ గారూ, రేపు మీకు ఆఫీసు లేదు, నాతో రండి. ఒక్కడినే పోవాలంటే భయంగా ఉంది. బోరు బండి వచ్చిన రోజూ రండి. ఓపిగ్గా విన్న మీ అందరికీ, నన్ను ఇంతకాలం భరించిన ఆయనకూ కృతజ్ఞతలు. ఒక్కటే మాట జోయెల్ గారూ, నీళ్లు పడినప్పుడు మాత్రం దయచేసి జీపు దిగొద్దు.

సెలవు.