దిగని ప్లాను

రిపేరు షాపు బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

“ఇందులో పేర్లే ఉన్నాయక్కా. అసలు ఫైళ్లన్నీ నెట్‌లో, క్లౌడ్‌లో ఉన్నాయి,” అన్నాడు షాపు కుర్రాడు.

“డిస్కు నిండిపోతోందని నేనే అక్కడికి తోశాను. తొమ్మిదేళ్ల పని. మళ్లీ ఇందులోకి దింపెయ్ తమ్ముడూ.”

“క్లౌడ్ అకౌంటు మీదేనా?”

“మా అన్నయ్యది. ఆఫీసు ఇద్దరిదీ. పొద్దున గొడవపడి నన్ను బయటికి పొమ్మన్నాడు.”

“దింపుతున్నా... అదేంటక్కా, మూడొందల ఫైళ్లున్నవి రెండొందల అరవై అయ్యాయి!”

ఆవిడ తెర మీదికి వంగింది. “అక్కడ కూర్చుని తుడిచేస్తున్నాడు.”

“అక్కడ తుడిస్తే ఇక్కడ దిగినవి కూడా పోతాయి. నెట్ ఆపేస్తే దిగినవి దక్కుతాయి, మిగతావి రావు.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేపు ఇవ్వాల్సిన బడి ప్లాను దిగిందా?”

“సగం దిగింది. పెద్ద ఫైలు కదా.”

“అది పూర్తిగా దిగేదాకా ఆగుదాం.”

“ఆగితే దిగినవి పోతున్నాయక్కా. ఇంకో పది పోయాయి.”

ఆవిడ కళ్లు మూసుకుంది. “నెట్ ఆపెయ్.”

“ఆపేశా. బడి ప్లాను ముప్పావు వంతే వచ్చింది. తెరుచుకోదు.”

ఆవిడ లాప్‌టాప్‌ను పక్కకి జరిపింది.

“నీ దగ్గర తెల్ల కాగితాలున్నాయా తమ్ముడూ?”

“ప్రింటర్‌లోవి ఉన్నాయి. ఎందుకక్కా?”

“పెన్సిలు కూడా ఇవ్వు. బడి గోడల కొలతలు ఇంకా గుర్తున్నాయి.”