ఏట్లో తడి

అక్టోబరు. బోస్నియా కొండల్లో ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే నెల, అందుకే వేట బంద్. ఏటి కాపలాదారుకి ఒక ముసలాయన బకెట్‌తో ఎదురుపడ్డాడు.

"బకెట్‌లో ఏంటి బాబాయ్?"

"కళ్లు లేవా? ట్రౌట్లు. పదకొండు."

"ఈ నెలలోనా? రిపోర్టు రాశానంటే నీ లైసెన్సు మళ్లీ రాదు."

"రాసుకో. పైనున్న కరెంటు కంపెనీవాళ్లు ఏరంతా గొట్టంలోకి మళ్లించారని కూడా రాయి. గుడ్లతో ఉన్న చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి."

"కంపెనీ సంగతి నా పని కాదు."

"మరి నీ పనేంటి, బకెట్లు పట్టుకోవడమా?"

కాపలాదారు పొద్దున ఆ చేపల పక్కనుంచే నడిచొచ్చాడు, చూసీ చూడనట్టు.

"వీటిని ఎక్కడ వదులుతావు?"

"మిల్లు కింద, ఊటనీళ్లు కలిసేచోట. ఇంకా ఇరవై దాకా ఉన్నాయిక్కడ. సాయంత్రానికి ఒక్కటీ మిగలదు."

కాపలాదారు రిపోర్టు పుస్తకం జేబులో పెట్టేసి, రాళ్ల మధ్యకి దిగి ఒక చేప మీదికి వంగాడు.

"ఆగరా. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడి చస్తుంది. యూనిఫాం వేసుకున్నావు, ఆమాత్రం తెలీదా? ముందు చేతులు తడుపుకో."

నట్టేట్లో నిలబడి చుట్టూ చూశాడు కాపలాదారు. చేతులు తడుపుకోడానికి తిరిగి ఆ బకెట్ దగ్గరికే రావాల్సి వచ్చింది.