సుబ్బరావమ్మ పరుపులో గుంట

సత్తెనపల్లి రోడ్డు మీద వీరబాబు టీ బంకు, దాని పక్కనే మాబు పరుపుల కొట్టు. ఆ పూట టీకి ఆగిన కరుణాకర్ ఆటో మీద చారల పరుపొకటి తాళ్లతో కట్టి ఉంది, లోపల సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. బజార్లో కొత్తగా తెరిచిన ఫోం పరుపుల షాపులో పాతది ఇస్తే కొత్తది తగ్గించి ఇస్తారట. తను కుట్టిన పరుపు అటు పోవడం మాబు చూడటం ఈ వారంలో ఇది మూడోసారి. టీ గ్లాసుతో సహా వచ్చి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగవయ్యా కరుణాకర్, కొంపలేం మునిగిపోవు. అమ్మా, ఇది పోయిన వేసవిలో నేను కుట్టిందేగా?"

"అవును మాబూ. తుంటి నొప్పితో నాలుగు నెలల్నించి కంటి మీద కునుకు లేదు. అసలీ పరుపు..."

"మీరు చెప్పకండి! మీరు చెప్పాక నేను కనిపెడితే నా గొప్పేముంది? మా తాత వింటితో దూది ఏకాడు, నేను మిషనుతో ఏకుతున్నా, మూడు తరాల చెయ్యి ఇది. ఇదిగో, ఇక్కడ గుంట. గుండ్రంగా ఉందా? వెల్లకిలా పడుకునే మనిషైతే నడుం కింద పొడుగ్గా దిగేది. బోర్లా పడుకునే మనిషైతే పొట్ట దగ్గర దిగేది. ఇది ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునే మనిషి. మీరు కాదు, మీ వారు వెంకటనారాయణ గారు. అవునా?"

"కాదు మాబూ, అది..."

"అవునంటారు, ఆగండి. కనిగిరి నుంచి ఒక పంతులు గారు వచ్చారు, నడుం పట్టేసి ఇంత వంగిపోయి. పరుపు విప్పాను, దూది చూశాను, తమరు వెల్లకిలా పడుకుని ఛాతీ మీద చేతులు పెట్టుకుంటారు కదండీ అన్నాను. నోరు తెరిచాడాయన. నడుం కింద దట్టించి, భుజాల కింద కాస్త వదులుగా కుట్టిచ్చా. మూడు రోజుల్లో నొప్పి మాయం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనిషి ఎంత నిటారుగా అయ్యాడంటే తల గుమ్మానికి కొట్టుకోవడం మొదలెట్టింది. తాపీ మేస్త్రీని పిలిచి గుమ్మం పైకి లేపించుకున్నాడు."

"పరుపుకి ఎత్తు పెరిగాడా మాబన్నా?" వీరబాబు టీ వడగడుతూ అడిగాడు.

"పెరగడేంటి, పంచె కూడా పొట్టైపోయింది. అది వదిలెయ్. మంగళగిరిలో కంప్యూటర్ ఆఫీసు కుర్రాడు, బోర్లా పడుకుంటాడు. బోర్లా పడుకునేవాడికి మెత్తటిదిస్తే పొట్ట కిందికి దిగి నడుం వంగిపోతుంది, వాడికి గట్టిది కావాలి. దూది దట్టించా. పది సూదులు విరిగాయి, పదకొండోసారి గునపంతో కుట్టా! దాన్ని లారీ మీద పంపిస్తుంటే దారిలో టైరు పంచరు, కింద నేలేమో నల్లరేగడి, జాకీ దిగబడిపోతోంది. డ్రైవరు నా పరుపు కింద వేసి దాని మీద జాకీ ఎత్తాడు. లారీ నిండా టిక్కీలు, మిర్చి బస్తాలు సుమా! నా పరుపు వెంట్రుకవాసి దిగలేదు. జాకీయే వంకరపోయింది."

"దాని మీద ఆ కుర్రాడు పడుకున్నాడా?" అన్నాడు కరుణాకర్.

"ఇప్పటికీ పడుకుంటున్నాడు, ఫోన్ చేసి అడుగు! ఇక పక్కకి తిరిగి పడుకునేవాళ్లు. వాళ్లకి భుజం దిగాలి, తుంటి దిగాలి. మన జిన్నింగు మిల్లు యజమానికి అట్టాంటిదే కుట్టా, మేలు రకం దూది. ఆయన ఇట్టా ఒత్తిగిలాడో లేదో, భుజం దిగింది, తుంటి దిగింది, మనిషీ దిగాడు! రెండు రోజులు వెతికారు. ఫోన్ చేస్తే పరుపు అడుగు నుంచి మోగుతోంది. చివరికి బావిలో చేద తీసే పాతాళగరిగె వేసి పైకి లాగితే ఏమన్నాడో తెలుసా? 'ఎవడ్రా నన్ను లేపింది?' అని తిట్టి మళ్లీ దిగిపోయాడు."

"మాబూ, నేనొక మాట..."

"వస్తున్నానమ్మా, అసలైనది చెప్పనివ్వండి. ఒక పత్తి రైతు, అన్ని వైపులా దొర్లే మనిషి. ఆయనకి నేను కుట్టిన పరుపు ఆయనతో పాటే తిరుగుతుంది. ఆయన బోర్లా పడితే గట్టిబడుతుంది, ఒత్తిగిలితే మెత్తబడుతుంది. గింజ వేసిన నాడు పడుకున్నాడు. మూడోసారి పత్తి ఏరే నాటికి లేచాడు! లేపుదామని ఎవరొచ్చినా పరుపు వాళ్లనీ జోకొట్టేది. ఊళ్లో సగం మంది ఆ మంచం చుట్టూతానే పడి ఉన్నారు. అట్టాంటి చెయ్యిని పట్టుకుని మీరు ఫోం అంటున్నారు!"

"అయిపోయిందా?" సుబ్బరావమ్మ ఆటోలోంచి తల బయటపెట్టింది.

"ఇంకా ఉంది గానీ, అడగండమ్మా."

"మా ఆయన పెళ్లైన కాడ్నించి నవారు మంచం తప్ప ఎరగడు. ఆ గుంట బంటిగాడిది."

"మీ మనవడా? అదీ మంచిదేనమ్మా, ఎదిగే పిల్లల ఎముకలకి..."

"మా కుక్క."

వీరబాబు నవ్వులో పడి పాలు పొంగించుకున్నాడు. కరుణాకర్ ఆటో హ్యాండిల్ మీద తల వాల్చి మరీ నవ్వాడు.

"ఈ పరుపు మీద తుంటి ఆనిస్తే బండ మీద ఆనించినట్టుంది. నెల తిరక్కుండా వరండాలో పడేశాం. ఇప్పుడు నేను చాప మీద, కుక్క పరుపు మీద."

మాబు గ్లాసు టీ బల్ల మీద పెట్టి, మళ్లీ గుంట మీద చెయ్యి వేశాడు.

"ఏ పక్కకి పడుకుంటుందమ్మా కుక్క?"

"ఎడమ పక్కకి."

"కాళ్లు ముడుచుకునేనా?"

"ముడుచుకునే."

"నిద్ర పడుతోందా?"

"పిలిచినా లేవదు."

"చూశారా!" మాబు టీ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. "గుంట చూసి చెప్పానా లేదా?"

"చెప్పావు. పంతులుకి చెప్పావు, కుక్కకి చెప్పావు. పోయిన వేసవిలో పరుపు కుట్టించుకోడానికి వస్తే, మీరెట్టా పడుకుంటారమ్మా అని నన్నొక్క మాట అడిగావా?"

కరుణాకర్ ఆటో స్టార్ట్ చేశాడు. మాబు ఆటో కడ్డీ పట్టుకుని, గొంతు తగ్గించి, "ఎట్టా పడుకుంటారమ్మా మీరు?" అన్నాడు.

"కుడి పక్కకి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని. తుంటి, భుజం కాస్త దిగాలి. నడుం మాత్రం ఆనాలి. ఎడమ పక్కకి తిరిగితే ప్రాణం పోతుంది." ఆమె చెప్పినంతసేపూ మాబు ఒక్కసారీ అడ్డురాలేదు. తలూపి, జేబులోంచి టేపు తీసి, ఆమె భుజం వైపు చూశాడు.

"ఇంజను ఆపు కరుణాకర్," అంది సుబ్బరావమ్మ. "కొత్తది కుట్టు మాబూ. ఈ పాతదాన్ని మాత్రం ముట్టుకోకు, ఇంటికి తీసుకెళ్లిపోతా. అదుగో, ఊళ్లోంచి ఆటో వెనకే పరిగెత్తుకొస్తున్నాడు బంటిగాడు."