అమ్మా, ఆ మాంసం ముట్టకు

హలో… ఆ, ఆ, నేనే అమ్మా, బెగాయిమ్‌ని. కట్ చేయకు. పొద్దుటి నుంచి ఏడుసార్లు చేశాను, ఎందుకు ఎత్తవు?…

ఇంట్లో మనుషులా? ఎవరు?…

టొక్తోబెక్ తాతా? తమ్ముణ్ని కొట్టిన మేదెర్ వాళ్ల తాతే కదా… మన ఇంట్లోనా? ఇప్పుడా?…

గొర్రెతో వచ్చారా.

ఎంతమంది?… నలుగురు పెద్దలు. తెల్ల టోపీలు పెట్టుకుని. పెట్టుకునే ఉంటార్లే, శుభకార్యానికి వచ్చినట్టు…

అమ్మా, నిజం చెప్పు. ఆ గొర్రెను నీ ముందు నిలబెట్టినప్పుడు దీవెన ఇచ్చావా? చేతులెత్తి, మొహం తుడుచుకున్నావా?…

ఇచ్చేశావు.

లేదు, తిట్టడం లేదు. నీకేం తెలుసని తిట్టను… కోసేశారా?… ఉడికిందా, ఇంకా ఉడుకుతోందా?… అంటే ఎవరూ ముట్టలేదు. దేవుడా! విను. ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోకు. దీవెన ఒక్కటే అయితే వెనక్కి తీసుకోవచ్చు. మాంసం తిన్నావంటే ఇంక లేదు. రేపు స్టేషన్‌కి వెళ్లి, తల్లే తింది, రాజీ అయిపోయింది అంటారు. ఆ స్టేషన్‌లో ఉండేవాళ్లూ మన ఊళ్లలో పుట్టినవాళ్లే. అంతకన్నా పెద్ద కాగితం వాళ్లకి ఇంకేం కావాలి?…

కుర్రాళ్లు కొట్టుకున్నారని చెప్పాడా?… కొట్టుకోవడం అంటే ఇద్దరూ కొట్టాలమ్మా. మన ఎలామన్ చేతులు మొహం మీద నుంచి కిందికి దిగలేదు. వాళ్లే తీశారు వీడియో… చూశాను. ఒక్కసారే. మళ్లీ ముట్టుకోలేదు. కానీ దానంతట అది నడుస్తూనే ఉంది. షాపులో ఎవరికో దగ్గు మందు ఇస్తుంటాను, సీసా మూత బిగిస్తుంటాను, లోపల అది నడుస్తుంటుంది…

నేనా? పార్లమెంటులో. కమిటీ గది బయట, వరండాలో. ఇంకాసేపట్లో పిలుస్తారు. వాడి దవడకి తీగలు బిగించారు కదా, వాడి బదులు నేను మాట్లాడాలి…

అదే, చట్టం మార్చే కమిటీ… చెప్తాను, ఉండు. జాతి మీద పగతో మనిషిని కొడితే చట్టంలో దానికో మాట ఉంది, శిక్ష ఎక్కువ. మతం మీద పగతో కొడితే ఉంది. ఎలామన్‌ని కొట్టినదానికి మాట లేదు. ఇన్‌స్పెక్టర్ అల్లరి అని రాశాడు. బస్టాపులో అల్లరి. ఎవడైనా తాగి అద్దం పగలగొట్టినా అదే రాస్తారు. పదిహేను రోజులకి మేదెర్ బయటికొస్తాడు. వచ్చి ఎలామన్ లాంటి ఇంకొకణ్ని వెతుక్కుంటాడు…

ఎలామన్ లాంటి అంటే…

అమ్మా, నీ పక్కన ఎవరున్నారు?… వంటింట్లోకి వెళ్లు. తలుపు వేసుకో… కాదు, ముందు వేసుకో.

వేశావా.

నిన్న వాడు కాగితం మీద రాసిచ్చాడు. ‘అమ్మకి నువ్వే చెప్పు. నోరు బాగున్నా నేను చెప్పలేను. పేరు కావాలంటే నాది వాడుకో’ అని… చెప్తున్నా కదా, చెప్తున్నాను. వాడికి ఆడపిల్లల మీద ప్రేమ కలగదమ్మా. మగవాళ్ల మీద కలుగుతుంది. అందుకే కొట్టారు. వాడు ఎవరినీ ఏమీ అనలేదు. చలిగా ఉందని స్నేహితుడి మెడకి మఫ్లర్ చుడుతున్నాడు. అంతే. అంతే చేశాడు…

అమ్మా?

ఉన్నావా?…

గిన్నె మూత చప్పుడు వినిపిస్తోంది. ఏదో ఒకటి అను. తిట్టు…

జబ్బు కాదు. మందులమ్మేదాన్ని, జబ్బయితే నాకు తెలియదా?… నగరం నేర్పలేదు… నీ పాలూ కాదు, నీ పెంపకమూ కాదు… వాడికి చూసిన ఆ సంబంధం వాళ్లకా? వద్దని చెప్పు. ఇంకేం చెప్తావు?…

టొక్తోబెక్ తాతకా? తెలుసు. వీడియో వాళ్లింట్లో అందరూ చూశారు. నీకు తెలిసేలోపే నీతో తినిపించాలని ఇంత తొందరగా గొర్రెను తోలుకొచ్చాడు. తెలిశాక సిగ్గుతో నువ్వే నోరు మూసుకుంటావని కూడా వాళ్ల ధీమా…

నాకు నాలుగేళ్లుగా తెలుసు… ఏమన్నానా? ఎవరికీ చెప్పకు అన్నాను. గట్టిగా నవ్వకు అన్నాను. ఆ చొక్కా వద్దన్నాను. వాణ్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చుంటే… మేదెర్ కూడా వాడికి చెప్పింది అదే కదా అనిపిస్తోంది. కనపడకు, అని. నేను నోటితో చెప్పాను, వాడు బూటుతో చెప్పాడు…

పోలీసులకి నేనేం చెప్పానా?… ఎందుకడుగుతున్నావు?…

అబద్ధం చెప్పాను.

ఇన్‌స్పెక్టర్ అడిగాడు, ‘కొట్టేటప్పుడు ఏమైనా అన్నారా?’ అని. నిజంగా అడిగాడమ్మా. పెన్ను పట్టుకుని ఆగాడు. నేను, ‘తాగున్నారు, ఏదో అరిచారు’ అన్నాను. వాళ్లు ఏ మాట అరిచారో నాకు తెలుసు. తన్నిన ప్రతిసారీ అదే మాట. నా నోటితో కూడా వస్తే అది వాడికి అతుక్కుపోతుందనిపించింది. ఆయనే, ‘చెప్పినా రాయడానికి ఇందులో గడి లేదు లెండి’ అన్నాడు. అది పట్టుకున్నాను. తప్పు నాది కాదు, ఆ గడిది అనుకుని బయటికొచ్చి టీ తాగాను. టీ బాగుంది కూడా…

అవును… అవును. నువ్వన్నది నిజమే. ఒక్క ఇన్‌స్పెక్టర్ ముందు నేను అనలేకపోయాను. నిన్ను నలుగురు పెద్దల ముందు అనమంటున్నాను…

ఎవరు తలుపు కొడుతున్నారు?… తలకాయ ఎవరికి వడ్డిస్తారని అడుగుతున్నాడా! పళ్లు పోయి పదేళ్లయింది, పెద్దరికానికి పెట్టే గొర్రె తలకాయ మాత్రం తనకే రావాలి ఆ టొక్తోబెక్ ముసలాడికి… నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?…

ఎలామనా? తినడం ఎక్కడమ్మా. గొట్టంతో చారు తాగుతున్నాడు… ఉప్పు సరిపోతోందా? తెలియదు, అడగలేదు. అడుగుతాను…

ఏంటి?… ముందు నేను చెప్పాలా?…

అలా కాదమ్మా. ఇక్కడ పేరు చెప్పక్కర్లేదు. ‘మూడో సాక్షి’ అని రాసుకున్నారు. తెర వెనక కూర్చోబెడతారు. కెమెరాలున్నాయి, షాపు ఓనరు చూశాడంటే రేపటికి నా పని…

ఆ.

ఆ, అర్థమైంది. నేను తెర వెనక కూర్చుని, నిన్ను మాత్రం అతిథుల ముందు భోజనం మీద నుంచి లేవమంటున్నాను.

ఆగు. కట్ చేయకు. పిలుస్తున్నారు.

ఆ, మూడో సాక్షిని నేనే, అన్నా. ఒక్క నిమిషం… మా అమ్మ… మీ జాబితాలో మూడో వరసలో పేరు ఖాళీగా ఉంది కదా? రాయండి. బెగాయిమ్. దెబ్బలు తిన్న ఎలామన్‌కి అక్కని… తెలుసన్నా, అక్కర్లేదని తెలుసు. రాయండి. ఊరు కూడా రాయండి, అత్‌బాషి… తెర వద్దు. మామూలు కుర్చీ చాలు.

విన్నావా అమ్మా?…

ఎక్కడున్నావు? తలుపు తీశావా?… వాళ్ల మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయేంటి?…

అమ్మా, లోపలికి ఫోన్లు రానివ్వరు. ఇక్కడ బుట్ట ఉంది, అందులో పెట్టాలి. కట్ చేయను, అలాగే పెడతాను. నువ్వు చెప్పేది నాకు వినపడదు…

అయినా చెప్పు.