ఒంటి సీటు బండి

ఆళ్లగడ్డలోని పుట్టింటికి పోయి నంద్యాలకు తిరిగొచ్చిన ఆమెకు, పెరట్లో తన ఇనుప మంచం మీద మొగుడు తయారుచేసిన బైకు ఫ్రేము కనిపించింది.

"మా నాయన చేయించిన మంచమే దొరికిందా నీకు?"

"నేలంతా ఎగుడుదిగుడు మే. మంచం మీదైతే పైపులు సమంగా నిలబడతాయని ఆడనే వెల్డింగ్ చేసినా. ఎట్లుంది?"

"బ్రమ్మాండం. నేను యాడ కూచోవాల?"

"ఇది ఒంటి సీటు బండి. దాని స్టైలే అది. నువ్వు బస్సుకు రా."

ఆమె వంగి ఫ్రేము అడుగున ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు లేచింది.

"సరే, కిందికి దించు. చూస్తా."

అతను ఎత్తాడు. ఫ్రేముతో పాటు మంచమూ లేచింది.

"ఏందప్పా, మంచం కూడా వస్తాండాది?"

"యాడో రవంత అతుక్కున్నట్టుంది."

"అతుక్కోలేదు, కాపురమే పెట్టేసింది! ఇట్లనే పాణ్యం దాకా పో. దోవలో నిద్రొస్తే పడుకోవచ్చు."

"నవ్వింది చాల్లే. మంచం పట్టీ కోస్తే ఊడొస్తాది."

"దాన్ని ముట్టుకో, చెప్తా."

అతను కటింగ్ మిషను పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు.

"మరి ఏది కొయ్యమంటావ్?"

"ఒకరు కూచునేది కొయ్యి. ఇద్దరు పడుకునేది ఉండనీ."