దుర్గు స్టేషన్‌కి వచ్చిన క్యారేజీలు

ఇటు రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా లాక్కోండి. హిందీలో గుసగుసలొద్దు, తెలుగు తెలియకపోతే నన్నడగండి. ఏటి ఛాయా, పొద్దుట్నుంచి ప్రాణం తోడేస్తున్నావు? డొనేషన్ కాలేజీకి వెళ్ళాలా వద్దా చెప్పమంటే పలకా బలపాల మేష్టర్ని నేనేం చెప్తాను? మీ నాన్నకి చాలనిది మనవాళ్ళంతా తలా కొంత వేస్తామన్నారట కదూ. సంతోషమే. ఎందుకమ్మా, నా మొహంలోకి అలా చూస్తావు?

సరే, గణపతి సంగతి చెప్తాను. విన్నాక నీ ఇష్టం.

డెబ్భై ఆరులో మాట. ఈ భిలాయి సెక్టర్ 2లోనే ఉండేవాడు, ఉక్కు ఫ్యాక్టరీ బొగ్గు బట్టీల్లో, అదే కోక్ ఓవెన్‌లో పనిచేసే బంగారయ్య కొడుకు. సర్కారు ఇంజనీరింగ్ సీటు కొద్దిలో తప్పిపోయింది. కర్ణాటకలో ప్రైవేటు కాలేజీ ఉంది, డొనేషన్ కడితే చేర్చుకుంటారన్నారు. బంగారయ్య పీఎఫ్‌లో అప్పు తీసినా చాల్లేదు. అప్పుడు అతనితోపాటు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ బట్టీల దగ్గర మాడేవాళ్ళంతా తమ బోనస్ తెచ్చి పోశారు. తిరిగివ్వొద్దన్నారు. "ఆడు నీ ఒక్కడి కొడుకేటి, మనందరి ఇంజనీరు" అన్నాడు భుజంగరావు. అంత మంచి మాట ఈ రోజుల్లో ఎవరంటారు?

ఇక సెలవులకి వచ్చినప్పుడల్లా పిల్లాడు ప్రతి ఇంట్లో ఒక పూట భోంచేయాలి. ఎవరూ పెట్టిన షరతు కాదు, అలా జరిగిపోయింది. ఒకరింట తిని ఇంకొకరింట తినకపోతే బాధపడరూ? వడ్డిస్తూ మార్కులెన్నని అడిగేవారు. అడిగే హక్కుంది మరి. ఇంటి దగ్గర వాళ్ళమ్మ సింహాచలమ్మ ఎండురొయ్యలేసి వంకాయ కూర వండి, మూతపెట్టి కూర్చునేది. వాడు కడుపు నిండి వచ్చేవాడు. రేపు తింటాలేమ్మా అనేవాడు. ఆ రేపు ఇంకో ఇంటిదయ్యేది.

చదువు వృథా అయిందని అనను. టాటానగర్‌లో మంచి ఉద్యోగమే వచ్చింది. బంగారయ్య సైకిల్ తొక్కుతూ కూడా తనలో తను నవ్వుకునేవాడు.

అయితే మార్కుల మాట పోయి ఇంకో మాట వచ్చింది. మావాడికి మీ ఫ్యాక్టరీలో చూడు బాబూ, అని. నిన్నగాక మొన్న చేరినవాడు, ఎవరికని ఇప్పించగలడు? భుజంగరావు కొడుకు విషయంలో నావల్ల కాదు బాబాయ్ అనేశాడు. భుజంగరావు పల్లెత్తు మాట అనలేదు. ఆ పూట పెరుగు మాత్రం వడ్డించలేదు. అంతే. గణపతి మళ్ళీ భిలాయిలో అడుగుపెట్టలేదు.

ఏళ్ళు గడిచాయి. పోయినేడు ఉత్తరం వచ్చింది. పని మీద బొంబాయి వెళ్తున్నాను, మెయిలు మన పక్కనే దుర్గులో కాసేపు ఆగుతుంది, అమ్మని వంకాయ కూర తెమ్మను, ఎవరికీ చెప్పొద్దు అని. బంగారయ్యే చదివి వినిపించాడు. సింహాచలమ్మకి ఇక కాళ్ళు నేలమీద నిలిస్తేనా?

కానీ బంగారయ్య కడుపులో మాట దాగుతుందా? పిల్లాడు రాకపోవడానికి తన పెరుగే కారణమని భుజంగరావు అన్నాళ్ళూ కుమిలిపోతున్నాడు. డ్యూటీలో అతని మొహం చూసి, జాలేసి, అతనొక్కడికే చెప్పాడు.

ప్లాట్‌ఫారం మీదికి మొగుడూ పెళ్ళాం వెళ్తే ఏముంది, అందరూ ఉన్నారు. తలొక క్యారేజీ. పెరుగు గిన్నె రెండు చేతులా పట్టుకుని భుజంగరావు అందరికంటే ముందు.

రైలు ఆగింది. గణపతి వాళ్ళని చూసి మెట్టుమీదే నిలబడిపోయాడు. ఏం చేస్తాడు? దిగి, ఒక్కో క్యారేజీలోంచీ ఒక్కో ముద్ద తిన్నాడు. భుజంగరావు దగ్గరికొచ్చేసరికి ఆయన గిన్నె ముందుకు చాపాడు. "తినీ బాబూ, ఆ రోజు నాను..." అంటుండగానే గణపతి గిన్నె అందుకుని పెరుగంతా తాగాడు. తాగి, బాబాయిని కౌగలించుకున్నాడు. ఇంతలో గార్డు ఈల వేశాడు.

జనం వెనక సింహాచలమ్మ ఇంకా మూత తీయలేదు. చేతికైనా అందిద్దామని పరిగెత్తింది. అందలేదు.

తిరుగు బస్సులో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, "నాలుగు మెతుకులు తిన్నాడు కదా, ఎవల చేతివైతేనేటి" అంది.

లాభమా నష్టమా అంటే ఏటి చెప్పనే ఛాయా? వెళ్ళు. మనవాళ్ళు ఇస్తే తీసుకో. వాళ్ళు మంచివాళ్ళు, చిక్కంతా అక్కడే ఉంది.

పొద్దుపోయింది, లేవండర్రా. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి తినండి. ఏటీ, ఇవాళ మా ఇంట్లో తింటావా ఛాయా? వద్దు తల్లీ. మీ అమ్మ వండి ఉంటుంది, వెళ్ళు.